కునుకు తీసిన సేనాని: ఒకే పుస్తకంపై మూడు ఉత్తరాలు

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు టాల్‌స్టాయ్ రాసిన ‘యుద్ధము – శాంతి’ చదువుతూ, ఎనిమిది నెలల వ్యవధిలో ఈ శీర్షికకు మూడు ఉత్తరాలు రాశారు. వారి అనుమతితో ఆ మూడింటినీ, వాటికి మా జవాబులనూ ఒకచోట ఇస్తున్నాము.

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత చదవాలని ఏళ్ల తరబడి దాచుకున్న పుస్తకం ఇది. ఇంగ్లీషు అనువాదంలో నూరు పేజీలు దాటాను గాని, యుద్ధం మాట అటుంచి విందులే తెమలడం లేదు. ఒక్కో మనిషికి నాలుగేసి పేర్లు ఉన్నాయి, రొస్తోవుల ఇంట్లో పిల్లలు ఎందరో, ఎవరు ఎవరో కూడా గుర్తుండడం లేదు. ఇంతటితో ఆపేస్తే తప్పా?

జవాబు: తప్పేమీ లేదు, కాని రష్యా, ఆస్ట్రియా సేనలు కలిసి నెపోలియన్‌ను ఎదుర్కొనే ఆస్టర్‌లిట్జ్ యుద్ధం వరకు ఆగి అప్పుడు నిర్ణయించుకోండి. పేర్ల సంగతి మనకు కొత్త కాదు. రేషన్ కార్డులో వెంకట సత్యనారాయణ అయినవాడు ఇంట్లో బుజ్జి, స్నేహితుల దగ్గర సత్తి, అత్తవారింట్లో అల్లుడుగారు అయినట్టే, రష్యాలో నికొలాయ్ తల్లికి నికోలెంకా అవుతాడు. ఒక కాగితం మీద కుటుంబాలను రాసుకుని పుస్తకంలో పెట్టుకుంటే సరిపోతుంది. ఇక విందుల విషయం. 1805 జూలైలో పీటర్స్‌బర్గ్ ప్రముఖులు ఒక గదిలో చేరి నెపోలియన్‌ను తిట్టుకుంటూ ఉంటారు. ఆ తిట్లు చాలావరకు ఫ్రెంచి భాషలోనే సాగుతాయి. శత్రువు భాషలో తప్ప శత్రువును నిందించలేని ఆ సమాజంపై రచయిత విసిరిన వెక్కిరింత అది. దానిని గమనిస్తూ చదివితే ఆ పేజీలు కొంత త్వరగా కదులుతాయి. రొస్తోవుల ఇంట భోజనాల బల్ల దగ్గర పెద్దలు యుద్ధం గురించి మాట్లాడుతూ ఉండగా, ఈరోజు తీపి ఏమిటని అందరికీ వినబడేలా అడిగే పదమూడేళ్ల నటాషాను మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ఆగాను, ఇప్పుడు వదలలేకపోతున్నాను. యువ సైనికాధికారి ఆంద్రేయ్ మొదట ఒట్టి గర్విష్ఠి అనిపించాడు; ఆస్టర్‌లిట్జ్‌లో గాయపడి వెల్లకిలా పడి ఆకాశాన్ని చూస్తున్నప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. ముసలి రష్యా సేనాని కుతూజోవ్ మీద మాత్రం ఒళ్లు మండిపోతోంది. యుద్ధానికి ముందు రాత్రి సేనానుల సభలో నిద్రపోయేవాడు సేనాపతి ఎలా అవుతాడు? ఇంకో మాట: నా అభిప్రాయాలు పది అధ్యాయాలకు ఒకసారి మారిపోతున్నాయి. చదవడంలో నాకు నిలకడ లేదంటారా?

జవాబు: లోపం మీది కాదు. మీరు ఈపాటికి ఆంద్రేయ్ ఒక ముసలి ఓక్ చెట్టును చూసే ఘట్టానికి వచ్చి ఉంటారు. 1809 వసంతంలో అడవి అంతా చిగురిస్తున్నా మోడులా నిలిచిన ఆ చెట్టును చూసి, తన జీవితమూ ఇంతేనని అతడు నిశ్చయించుకుంటాడు. తిరుగు ప్రయాణంలో ఆ చెట్టు గుర్తుపట్టలేనంతగా ఆకు తొడిగి ఉంటుంది. ముప్పై ఒకటో ఏట జీవితం ముగిసిపోలేదని అతడికి అప్పుడు తోస్తుంది. ఆ మనిషే మారుతూ ఉంటే, అతడి మీద మీ అభిప్రాయం స్థిరంగా ఎలా ఉంటుంది?

కుతూజోవ్ విషయంలో ఒక్కటే గుర్తు చేస్తాము. ఆ సభలో వైరోథర్ అనే ఆస్ట్రియా సేనాని చదివిన వ్యూహానికి చక్రవర్తుల ఆమోదం అప్పటికే ఉంది, ఓడిపోతామని కుతూజోవ్‌కు ముందే తెలుసు, అతడు మేల్కొని ఉన్నా మారేదేమీ లేదు. అయినా మీ కోపాన్ని అప్పుడే వదులుకోవద్దు, నెపోలియన్ రష్యా మీదికి దండెత్తే 1812 వరకు భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: పూర్తి చేశాను. కుతూజోవ్‌పై కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. యుద్ధానికి వెళ్లిన కుర్రవాడు పేత్యా చనిపోయిన చోట రెండు రోజులు పుస్తకం మూసేశాను. కాని రెండు ఫిర్యాదులు మిగిలాయి: నడుమ నడుమ వచ్చే చరిత్ర ఉపన్యాసాలు ఎందుకు? చివరికి నటాషాను అలా ఎందుకు చేశాడు?

జవాబు: కోపం పోయిన చోటు ఫీలీ గ్రామంలోని గుడిసె అయి ఉంటుందని మా ఊహ. మాస్కోకు ముందు బొరొదినో యుద్ధంలో ఒక్కరోజులో ఇరుపక్షాలకూ కలిపి సుమారు 70 వేల మంది మరణించడమో గాయపడడమో జరిగాక, మాస్కోను వదిలేయాలా వద్దా అని సేనానులు అక్కడ వాదించుకుంటారు. ఆ సభను టాల్‌స్టాయ్ పొయ్యి అరుగు మీద కూర్చున్న ఆరేళ్ల మలాషా కళ్లతో చూపిస్తాడు. వ్యూహాల సంగతి తెలియని ఆ పిల్ల, పొడుగు కోటు వేసుకున్న సేనాని బెనిగ్సెన్, తాను తాతయ్య అనుకునే కుతూజోవ్‌తో జగడమాడుతున్నాడని అనుకుని, మనసులో తాతయ్య పక్షం వహిస్తుంది. ఆస్టర్‌లిట్జ్ ముందు కునుకు తీసిన ముసలివాడే ఇక్కడ పాత రాజధాని మాస్కోను విడిచిపెట్టే భారాన్ని ఒంటరిగా మోస్తాడు. అయితే చరిత్రలోని కుతూజోవ్ ఇంత నిర్వ్యాపారుడు కాడనీ, నెపోలియన్ మరీ ఇంత వేషధారి కాడనీ కూడా చెప్పుకోవాలి. ఆ ఇద్దరి విషయంలో టాల్‌స్టాయ్ తక్కెడ సమంగా పట్టలేదు.

ఉపన్యాసాల మీద ఫిర్యాదు మీ ఒక్కరిదే కాదు. 1873 నాటి ముద్రణలో టాల్‌స్టాయే వాటిని కథలోంచి తీసి చివరకు చేర్చాడు, ఫ్రెంచి సంభాషణలను రష్యన్‌లోకి మార్చాడు. తరువాతి ముద్రణలలో అవి మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. ఉపసంహారంలోని రెండో భాగాన్ని మొదటి పఠనంలో దాటేసినా నష్టం లేదని మా అభిప్రాయం. 1812 భాగంలో ఉన్నవాటిని మాత్రం దాటవద్దు, ఎందుకంటే యుద్ధాన్ని ఒక మనిషి ఆజ్ఞ నడపదన్న ఆ వాదన లేకపోతే కుతూజోవ్ నిద్ర ఒట్టి సోమరితనంగానే మిగిలిపోతుంది.

నటాషా గురించి మీతో వాదించము. పాడడం మానేసి, బిడ్డ గుడ్డ మీద మరక ఆకుపచ్చగా కాక పసుపుగా ఉందని మురిసిపోయే తల్లిగా ఆమెను చూపినప్పుడు, స్త్రీ జీవితానికి అదే పరిపూర్ణత అన్న రచయిత నమ్మకం కథను దాటి ముందుకు వస్తుంది. మాకూ అక్కడ కినుకే. కాకపోతే ఆ ఇల్లు కనబడినంత స్థిమితమైనది కాదు. 1820 నాటి ఆ శీతకాలంలో నటాషా భర్త పియేర్ పీటర్స్‌బర్గ్‌లోని రహస్య సంఘం పని చూసుకుని వచ్చి ఉంటాడు. టాల్‌స్టాయ్ మొదట రాయాలనుకున్నది 1825 డిసెంబరు తిరుగుబాటులో పాల్గొని, సైబీరియా ప్రవాసం ముగించుకుని 1856లో తిరిగి వచ్చిన మనిషి కథ. అతడి యౌవనం కోసం వెనక్కి వెళుతూ వెళుతూ 1805 దగ్గర ఆగాడు. ఆ నటాషాకు ముందున్నది బహుశా సైబీరియా దారి.

పేత్యా సంగతి చివరగా. మరునాటి ఉదయం చనిపోబోయే ఆ కుర్రవాడు ముందు రోజు తోటి అధికారులకు ఎండుద్రాక్ష పంచుతాడు, పట్టుబడిన ఫ్రెంచి బాలుడికి అన్నం పెట్టారా లేదా అని మథనపడతాడు. వీలైతే మొదటి సంపుటంలో రొస్తోవుల ఇంటి ఘట్టాన్ని ఒకసారి తీసి చూడండి. పొట్టి కోటు వేసుకుని, బొద్దుగా, ఎర్రని బుగ్గలతో ఒక పిల్లవాడు అందరితో పాటు గుమ్మం దగ్గర కనిపిస్తాడు. ఎవరు ఎవరో గుర్తుండడం లేదని మీరు మొదటి ఉత్తరంలో రాసిన పిల్లల్లో అతడూ ఉన్నాడు.