రెండో రౌండు ఇంకా మిగిలే ఉంది

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పటి నుంచి క్రీడా పాఠశాల హాస్టల్లో చదివాను. 800 మీటర్ల పరుగులో రాష్ట్రస్థాయి పతకాలున్నాయి. స్పోర్ట్స్ కోటాలో హైదరాబాద్‌లో బీకాం చేరాను. తెల్లవారుజామున ప్రాక్టీసు చేసి క్లాసుకు వెళితే నిద్ర ముంచుకొస్తోంది, ఇంగ్లిష్ పాఠాలు అర్థం కావడం లేదు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు తప్పాను. ఆటో, చదువో ఏదో ఒకటి మానెయ్యమంటున్నారు నాన్న.

జవాబు: హకీంపేట వంటి ఆశ్రమ క్రీడా పాఠశాలల్లో గంట కొడితే లేచి, గంట కొడితే చదువుకుని పెరిగిన పిల్లలకు డిగ్రీ మొదటి ఏడాది అయోమయంగానే ఉంటుంది. ట్రాక్ మీద మొదటి 400 మీటర్లు దాటుతుండగానే కోచ్ గడియారం చూసి సమయం అరిచి చెబుతారు, దాన్నిబట్టి మీరు రెండో రౌండులో అడుగు సరిచేసుకుంటారు. కళాశాలలో అలా కేకవేసి చెప్పేవారు లేకపోవడంతో, ఫలితాలు వచ్చేదాకా వెనకబడిన సంగతి మీకే తెలియలేదు. ఇకపై దాన్ని మీరే అడిగి తెలుసుకోవాలి. వారానికొకసారి అకౌంట్స్ లెక్క ఒకటి సొంతంగా చేసి, ఆ నోటుబుక్కుతో లెక్చరర్ దగ్గరకు వెళ్లి, ఎక్కడ తప్పానో చూపించమని అడగండి. కోటాలో వచ్చానన్న బిడియంతో వెనక బెంచీలో ఒదిగిపోకండి. ఆ సీటు మీరు పరుగెత్తి సంపాదించుకున్నది.

మరుసటి రోజు పాఠాన్ని ముందుగా తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి వెళితే, క్లాసులో ఇంగ్లిష్ మాటలు కొంత పరిచయంగా వినిపిస్తాయి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లేముందే ఫిజికల్ డైరెక్టర్ సంతకంతో లేఖ తీసుకుని ప్రతి లెక్చరర్‌కూ ఇవ్వండి. 75 శాతం హాజరు విషయంలోనూ, తప్పిపోయే ఇంటర్నల్ పరీక్షల విషయంలోనూ తిరిగొచ్చాక బతిమాలడం కంటే ఇదే మేలు.

నాన్నగారికి పి.వి.సింధును ఉదాహరణగా చూపమని నేను చెప్పను. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, ఆ ఇంట్లో ఆట గురించి నచ్చజెప్పాల్సిన పని లేదు. రెండింటికీ చెడతారేమోనన్నది మీ నాన్నగారి భయం, అది న్యాయమైనదే. రైల్వే వంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పతకంతోపాటు విద్యార్హత కూడా చూస్తారనీ, అందుకే రెండూ వదలననీ ఎదురుగా కూర్చుని చెప్పండి. తప్పిన మూడింటిలో ఏ రెండు ముందు రాయబోతున్నారో కాగితం మీద రాసి, ఈ సెలవుల్లో ఆయన చేతికివ్వండి.