చదివిన మనిషిని దాచకండి

ప్రియ మిత్రమా,

మీ ఉత్తరమూ, దానితో పంపిన మూడు వ్యాసాలూ అందాయి. రెండో విడత కీమో అయినప్పటి నుంచి, చదివిన పుస్తకాల గురించి నలుగురికీ చెప్పాలన్న కోరిక బలంగా పుట్టిందనీ, తీరా రాసినవి తిరిగి చూసుకుంటే ఎక్కడో అబద్ధమాడినట్టు అనిపిస్తోందనీ రాశారు. మీ అనుమానం నిజమే. పుస్తకాల గురించి మీరు చెప్పిన మాటల్లో అబద్ధమేమీ లేదు, కానీ వాటిని చదివిన మనిషిని దాచేశారు. మూడు వ్యాసాల్లోనూ కనిపించేది తీరిగ్గా కూర్చుని, ఒక్క బిగిన 400 పేజీలు చదివేసిన ఆరోగ్యవంతుడు. ఆ మనిషి మీరు కారు.

నేను 9 ఏళ్లుగా డయాలిసిస్ మీద ఉన్నాను. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 4 గంటలు. ఎడమ చేతిలో డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులాలో రెండు సూదులు ఉంటాయి. ఆ చెయ్యి కాస్త మడిచినా మెషిన్ అలారం మోగుతుంది. అందుకని పుస్తకాన్ని కుడిచేత్తోనే పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే పేజీ తిప్పుకోవాలి. లావుపాటి నవలైతే ఛాతీ మీద ఆనించుకున్నా అరగంటకు మణికట్టు లాగేస్తుంది. బీపీ పడిపోయే రోజుల్లో మూడో గంట దాటాక అక్షరాలు అలుక్కుపోతాయి. సాహిత్య వ్యాసంలో సూదుల ప్రస్తావన ఎందుకన్న సంకోచంతో చాలాకాలం ఇవేవీ రాయలేదు. ఒకసారి మాత్రం, రోజుకు ఆరు పేజీలకు మించి చదవలేకపోవడం వల్ల అప్పుడు చదువుతున్న నవలలోని ముసలావిడ నా దగ్గర రెండు వారాలపాటు మరణశయ్య మీదే ఉండిపోయిందని రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నా మిగతా రాతలు వేటికీ రాలేదు. రాసినవారిలో చాలామంది మంచం పట్టినవాళ్లు, తాము చదివేది అసలు చదువే కాదని అప్పటిదాకా అనుకున్నవాళ్లు.

కీమో తర్వాత ఏకాగ్రతా జ్ఞాపకశక్తీ మందగించడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. దాన్ని కీమో బ్రెయిన్ అంటారు. కొందరిలో చికిత్స ముగిశాక కూడా నెలల తరబడి ఉంటుంది. మీరు దాన్ని మీ బద్ధకం కింద జమకట్టుకుని నొచ్చుకుంటున్నారు. ఒకే పేరాను నాలుగుసార్లు చదవాల్సి వచ్చినప్పుడు, ఒక్కసారి చదివి ముందుకు పోయినవారి కంట పడనిది మీ కంట పడే ఉంటుంది. అదేమిటో రాయండి.

పుస్తకం నొప్పిని మరిపిస్తుందని మాత్రం రాయకండి. నొప్పి ముదిరిన రాత్రి ఏ పుస్తకమూ పనిచేయదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నమ్మి పుస్తకం తెరిచిన రోగి, ఉపశమనం కలగకపోతే లోపం తనలోనే ఉందనుకుంటాడు. అంతకన్నా అన్యాయం ఉండదు.

1897లో నోటివెంట రక్తం పడి, క్షయ అని తేలిన తర్వాత కూడా రష్యన్ రచయిత చెహోవ్ తను పుట్టిన ఊరు తగన్రోగ్‌లోని గ్రంథాలయానికి పుస్తకాలు పంపడం మానలేదు. ఆయన స్వయంగా వైద్యుడు. ఆ జబ్బు ఎటు తీసుకుపోతుందో తెలియనివాడు కాదు. 1904లో, 44వ ఏట చనిపోయాడు. ఊపిరి అందని మనిషి, తను ఎన్నడూ చూడబోని పాఠకుల కోసం పుస్తకాలు ఏరి పంపడాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మరో మాట. నా పక్క మంచం మీద చూపు బాగా మందగించిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఎందుకు నవ్వుకుంటున్నానని ఒకరోజు అడిగితే, చేతిలోని నవలలో నన్ను నవ్వించిన పేరా పైకి చదివి వినిపించాను. ఆ తర్వాత నేను వచ్చి పడుకోవడమే ఆలస్యం, “ఆ కోడలు తిరిగొచ్చిందా?” అని అడిగేవారు. రచయిత దృక్పథం గురించీ శిల్పం గురించీ మొదలుపెడితే ఆయన మెల్లగా కళ్లు మూసుకునేవారు; కోడలు గడప దగ్గర నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించిన సంగతి చెబితే తల ఇటు తిప్పేవారు. పుస్తకం గురించి ఎలా రాయాలో ఇన్నేళ్ల రచనావ్యాసంగం కంటే ఆయన తల తిప్పడమే నాకు ఎక్కువ నేర్పింది. మీ వ్యాసాల్లో దృక్పథం చాలా ఉంది, గడప దగ్గర నిలబడ్డవాళ్లు ఎవరూ లేరు.

మూడో వ్యాసం చివర, 37వ పేజీ దగ్గర ఆపేసిన నవల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మూడింటిలోనూ నాకు నిజంగా మీ గొంతు వినిపించింది అక్కడే. ఆ పేజీలో ఏముందో, ఆ రోజు మీకెలా ఉందో, పుస్తకం ఎందుకు మూసేశారో రాసి పంపండి. ఒక్క పుట చాలు. కూర్చునే ఓపిక లేకపోతే ఇంట్లో ఎవరికైనా చెప్పి రాయించండి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా చూడండి. మెషిన్ దగ్గర ఒంటిచేత్తో ఎత్తి పట్టుకుని చదవాలి కదా.

ఆప్యాయతతో,
మీ తోటి పాఠకుడు