గామా కిరణాలు తగిలిన గవ్వలు వేడి చేస్తే ఒక్కోటి ఒక్కోలా ఎందుకు వెలుగుతాయి?

అన్నీ కాల్షియం కార్బొనేటే కదా, మరి తేడా ఎందుకు అని మీ సందేహం. తేడా పదార్థంలో కంటే పరమాణువుల అమరికలో ఎక్కువ ఉంది. గవ్వల్లో కాల్షియం కార్బొనేట్ ముఖ్యంగా రెండు అమరికల్లో, అంటే కాల్సైట్, అరగొనైట్ అనే రెండు ఖనిజాలుగా ఉంటుంది.

రేడియేషన్ తగిలినప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు చోటు వదిలి, స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుపోతాయి. వేడి చేస్తే విడుదలై, వాటి శక్తి కాంతిగా బయటికొస్తుంది. ఎంత గట్టిగా చిక్కుకుంటే అంత ఎక్కువ వేడి కావాలి.

ఆ కాంతి రంగును చాలావరకు తేల్చేది మాంగనీస్. గవ్వల్లో ఇది చాలా తక్కువే ఉంటుంది కానీ ప్రభావం పెద్దది. కాల్సైట్‌లో ప్రతి కాల్షియం చుట్టూ 6 ఆక్సిజన్లు ఉంటాయి, అరగొనైట్‌లో 9. చిన్నదైన మాంగనీస్ అయాన్ కాల్సైట్‌లోని ఇరుకు చోట చక్కగా ఇముడుతుంది. అరగొనైట్‌లోని వెడల్పాటి చోటు స్ట్రాన్షియం లాంటి పెద్ద అయాన్లకు నప్పుతుంది. అందుకే ఎక్కువగా కాల్సైట్‌తో ఉండే ఆయిస్టర్ చిప్పలో సుమారు 620 నానోమీటర్ల దగ్గర నారింజ-ఎరుపు వెలుగు కనిపిస్తుంది. అరగొనైట్‌లో మాంగనీస్ ఇచ్చే వెలుగు ఆకుపచ్చ వైపు, 560 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మనం ఆడుకునే గవ్వలు, ముత్యపు చిప్ప లోపలి మెరుపు పొర అరగొనైటే.

ఈ వెలుగును కొలిచేటప్పుడు ఒక్కటి మర్చిపోవద్దు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దాటాక అరగొనైట్ కాల్సైట్‌గా మారిపోతుంది. అంటే ఒకసారి బాగా వేడి చేసిన నమూనాకి మళ్లీ రేడియేషన్ ఇచ్చి చూస్తే, మీరు కొలుస్తున్నది వేరే ఖనిజాన్ని! వేడికి ముందూ తర్వాతా ఎక్స్-రే డిఫ్రాక్షన్ (ఎక్స్-కిరణాలతో పరమాణువుల అమరికను, అంటే ఏ ఖనిజమో తేల్చే పరీక్ష) చేయించండి.