కొంగు ముడి

హనుమకొండ

బిడ్డా,

తిమింగలాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. సముద్రమే చూడని పరకాల పిల్ల ఇది రాయొచ్చా అని అడిగావు. తప్పకుండా రాయొచ్చు. కానీ "తల్లి బిగ్గరగా పిలవగానే పిల్ల ఈదుకుంటూ వచ్చింది" అన్న వాక్యం కొట్టెయ్యి. అది నీ ఊహ.

నువ్వు రాసిన హంప్‌బ్యాక్ జాతి తిమింగలాలలో పాట పాడేవి మగవి. ఆ పాట నీళ్లలో కిలోమీటర్ల దూరం పోతుంది. తల్లీపిల్లల మాట వేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎక్స్‌మౌత్ గల్ఫ్ అనే చోట శాస్త్రవేత్తలు వాటి ఒంటికి అతుక్కుని ఉండే చిన్న రికార్డర్లు పెట్టి విన్నారు. 2017లో ఆ పరిశోధన అచ్చయింది. వినపడినవి సన్నటి కీచులు, మూలుగులు. వంద మీటర్లు దాటితే అవి అందవు. అవి కూడా ఎక్కువగా ఈదుతున్నప్పుడే. రెండు బెలూన్లు రాసుకున్నట్టు ఇంకో చప్పుడు కూడా ఉంది. పాల కోసం పిల్ల తల్లి ఒంటికి రాసుకోవడం కావచ్చని వాళ్ల అంచనా.

ఎందుకంత మెల్లగా? పిల్లల్ని వేటాడే ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, ఆ చప్పుడు పట్టుకుని రావచ్చని వాళ్ల అనుమానం. జత కోసం తిరిగే మగ తిమింగలాలూ రావచ్చు. పిల్లకేమో అంటార్కిటికా దాకా వేల కిలోమీటర్ల ప్రయాణం ముందుంది, ఆలోగా పాలు తాగి బలపడాలి. ఈ భయాన్ని ముందు రాయి. అప్పుడు "అమ్మ ప్రేమ అపారం" అని నువ్వు విడిగా చెప్పే పని ఉండదు. ఇంకొకటి, నువ్వు రాసిన టకటక క్లిక్కులు స్పెర్మ్ తిమింగలాలవి. వాటిని హంప్‌బ్యాక్ గొంతులో పెట్టకు.

నీ వ్యాసం చదువుతుంటే మేడారం గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. జంపన్నవాగు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతూనే ఉన్నారు. మా అమ్మ కొంగు కొసను నా చేతికి ముడేసింది. గద్దెల దాకా నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. నడుస్తూ నడుస్తూ కొంగు కొంచెం లాగేది. నేనూ లాగేవాణ్ని. అంతే మా మాట. చాలా ఏళ్లకు ఆ జాతర మీద కథ రాస్తూ అమ్మ చేత గుండెలు పగిలేలా ఏడిపించాను. ఆ కొంగు సంగతి వదిలేశాను. ఇప్పటికీ ఆ కథ తెరవాలంటే బాధగా ఉంటుంది.

మీ బర్రె ఈ నెలలోనే ఈనుతుందన్నావు కదా. ఆ రాత్రి ఫోన్ ఇంట్లో పెట్టి కొట్టంలో కూర్చో. దుడ్డెను నాకుతూ అది నోరు తెరవకుండా గొంతులోనే ఏదో అంటుంది. ఎప్పుడంటుందో, ఎప్పుడు ఆపుతుందో, దుడ్డె చెవులు ఎటు తిరుగుతాయో నోట్‌బుక్‌లో రాసుకో. ఆ తర్వాత వ్యాసం మళ్లీ మొదటి నుంచి రాసి పంపు.