చిన్నీకి, పెద్దమ్మ రాసే ఉత్తరం

చిన్నీ,

ఊరి గ్రంథాలయంలో చివికిపోతున్న పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లోకి, అంటే అందరూ ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి, ఎక్కిస్తున్నావనీ, అక్షరాలు దిద్దడానికి వందమందిని పోగుచేస్తున్నావనీ అమ్మ చెప్పింది. రాత్రి నిద్రపట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షనూ అంతే.

కాపీరైటు తీరిందో లేదో తెలియాలంటే, రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు నిండాయో లేదో ముందు చూసుకో. నిండకపోతే ఆ పుస్తకం ముట్టుకోకు. స్కాన్ వంకర లేకుండా తీయి. స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ వత్తుల దగ్గర తడబడుతుంది, అక్కడే మనుషులు కావాలి.

వచ్చినవాళ్లకు పుస్తకం మొత్తం అప్పజెప్పకు, ఒక్క పేజీ ఇవ్వు. పక్కనే స్కాన్ కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లయినా దిద్దగలరు. ఇంకా దిద్దని పేజీకి గుర్తు ఎరుపు, ఒకరు దిద్దితే పసుపవుతుంది, మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే ఆకుపచ్చ చేయడానికి కుదరదు. ఎవరి కన్నూ పూర్తిగా నమ్మకపోవడం ఎంత మంచి పద్ధతో నాకు ఆలస్యంగా తెలిసింది.

వికీసోర్స్ సంగతి తెలియకముందు మేం పదిమందిమి కలిసి ఆన్‌లైన్‌లో ఒక పాత పుస్తకం టైపు చేశాం. అందులో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. రోజుకు రెండు పేజీలు, ఒక్క తప్పు ఉండేది కాదు. పుస్తకంలో 'యెక్కడ', 'వ్రాసినాడు' అని ఉంటే అలాగే కొట్టేవారు. నాకది పొరపాటనిపించింది. ఒక రాత్రి కూర్చుని ఆయన నలభై పేజీలనూ 'ఎక్కడ', 'రాశాడు' అని మార్చేశాను. ఒక్క మాట అడగలేదు. తెల్లారి ఆయన ఒకటే రాశారు: "అమ్మా, పుస్తకంలో అలా లేదు కదా."

ఆయనదే సరి. అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంచాలన్న నియమం మేం ఎక్కడా రాసుకోలేదు. పాత మార్పులన్నీ ఆ పేజీల మార్పుల చరిత్రలో భద్రంగా ఉన్నాయి, ఒక్క మధ్యాహ్నంలో పేజీలన్నీ వెనక్కి తెచ్చాను. మాస్టారు మాత్రం మళ్లీ రాలేదు. ఆయన్ని చూసి చేరిన ముగ్గురూ జారుకున్నారు. క్షమించమని రాయడానికి నాకు నెల పట్టింది. జవాబు రాలేదు.

అందుకే చెబుతున్నా, జనాన్ని పిలవకముందే నియమాలు ఒక పేజీలో రాసిపెట్టు. ఎవరి పని మార్చినా వాళ్ల చర్చాపేజీలో కారణం చెప్పు. నీకు తొందరెక్కువ, చిన్నప్పుడు ముగ్గు ఆరకముందే తొక్కేదానివి! జీతం లేకుండా వచ్చేవాళ్లమ్మా వాళ్లు, పేరు పెట్టి పలకరించు. వందమందిలో పదిమంది నిలిస్తే దిగులుపడకు. ఆ పదిమందినీ కళ్లలో పెట్టుకో. వేళకు అన్నం తిను.

మొదటి పుస్తకంలో నాకు ఇరవై పేజీలు ఉంచు. పసుపు దాకా నేను తెస్తాను, ఆకుపచ్చకు ఇంకొకరిని చూడు.

పెద్దమ్మ