స్ట్రోక్ తర్వాత మాట రాక నాన్న గదిలోంచి రావట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. అయిదు నెలల క్రితం స్ట్రోక్ వచ్చింది. నడక కుదుటపడింది గానీ మాట రావట్లేదు. అఫేజియా (మెదడు దెబ్బతినడంతో మాట పడిపోవడం) అన్నారు. మేం చెప్పేది అర్థమవుతోంది, తను చెప్పబోయేది మాత్రం ఒకట్రెండు ముక్కల దగ్గరే ఆగిపోతోంది. ఎవరైనా వస్తే లోపలికి వెళ్లిపోతున్నారు. ఉన్నట్టుండి ఏడుస్తున్నారు, ఒక్కోసారి చేతిలో ఉన్నది విసిరేస్తున్నారు. మేం ఎలా మసలుకోవాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టమంటే గడగడా చెప్పేస్తారు, పాత పాట అందుకుంటే పల్లవి పాడేస్తారు, కోపమొస్తే తిట్టు కూడా స్పష్టంగా వస్తుంది. ‘గ్లాసు’ అనమంటే మాత్రం రాదు. దాంతో ‘కావాలనే మాట్లాడట్లేదు’ అనుకుంటారు. అలవాటుగా దొర్లే మాటలు వేరు, అప్పటికప్పుడు వెతికి తెచ్చుకోవాల్సిన మాటలు వేరు. అఫేజియాలో దెబ్బతినేది ముఖ్యంగా రెండోదే. మీ నాన్నగారి ఆలోచన, ఇష్టాయిష్టాలు, పరువు పట్టింపు ఎక్కడికీ పోలేదు. ఆయన ఎదురుగానే వచ్చినవాళ్లు ‘ఈయనకు నిద్ర పడుతోందా?’ అని మిమ్మల్ని అడుగుతుంటే లోపలికి వెళ్లిపోక ఏం చేస్తారు?

ఇక ఏడుపు. అది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. టీవీలో చిన్న దృశ్యానికో, పలకరింపుకో కళ్లనీళ్లు వచ్చి, విషయం మార్చగానే ఆగిపోతుంటే అది చాలావరకు భావోద్వేగాల మీద మెదడుకు పట్టు తప్పడం వల్ల వచ్చేది. లోపల అంత దుఃఖం ఉండకపోవచ్చు. ఓదార్పు ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, తిండి, నిద్ర తగ్గడం, థెరపీకి రాననడం రెండు వారాలు దాటితే డిప్రెషన్‌గా అనుమానించాలి. ప్రశ్నలడిగి మార్కులు వేసే మామూలు పరీక్ష ఈయన విషయంలో సరిగ్గా పనిచేయదు. కాబట్టి మీరు చూసిందే ఆధారం. ఎప్పుడు ఏడ్చారు, ఎంతసేపు, ఏం తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు అన్నవి రాసి డాక్టర్‌కి చూపించండి. రెండింటికీ మందులున్నాయి. అవి మాటను తెప్పించవు, మనసును తేలికపరుస్తాయి. వాటిలో కొన్నింటితో పడిపోయి ఎముకలు విరిగే ముప్పు ఉంది కనుక సొంతంగా మాత్రం వాడొద్దు.

విసిరేయడం సాధారణంగా చేతకాని పని మీద పడిన క్షణంలోనే జరుగుతుంది. అప్పుడు బుజ్జగిస్తూ ప్రశ్నలు వేయకండి. పని ఆపి, పది నిమిషాలు వదిలేసి, తర్వాత అంతకన్నా సులువైన దానితో మొదలుపెట్టండి.

మాట్లాడేటప్పుడు టీవీ ఆపి ఒక్కరే ఎదురుగా కూర్చోండి. ఆయనకు చెముడు లేదు, గొంతు పెంచక్కర్లేదు. ఒక్కో వాక్యంలో ఒక్కటే విషయం ఉండాలి. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఇంట్లోవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం! మాట అందించాలా వద్దా అన్నది ఆయన చేతిసైగకే వదిలేయండి. రాకపోతే ‘మనిషి గురించా? వస్తువు గురించా?’ అని వల బిగించుకుంటూ రండి. కాగితం మీద మూడు మాటలు పెద్దగా రాసి వేలితో చూపించమనండి. కుడివైపు చూపు తగ్గి ఉంటే కాగితాన్ని ఎడమవైపు పెట్టాలి.

‘అవును’ అంటూనే తల అడ్డంగా ఊపడం అఫేజియాలో మామూలే. డబ్బు, మందులు లాంటి విషయాల్లో అదే ప్రశ్నను తిరగేసి మరోసారి అడిగి రూఢి చేసుకోండి. అర్థం కాకుండానే తలూపొద్దు, ఆయన ఇట్టే పసిగడతారు. ‘నాకు అందలేదు, కాసేపాగి చూద్దాం’ అనడమే మర్యాద.

అక్షరాల చార్టు చేతికిచ్చి వేలు పెట్టి చూపించమంటారు కొందరు. నోట రాని మాట చాలామందికి రాతలోనూ రాదు. అఆలు దిద్దించడం మొదలుపెడితే అవమానమే మిగులుతుంది. రాత సాధన ఎంతవరకో స్పీచ్ థెరపిస్టే చెప్పాలి.

వచ్చేవాళ్లు ఒక్కొక్కరుగా, ఆయన అలసిపోని వేళ చూసి, పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా రావాలి. మాట అవసరంలేని పని ఉంటే మరీ మంచిది: పేకాట, చదరంగం, కలిసి నడక, ఫోన్‌లో పాత ఫొటోలు. బయటికెళ్లేటప్పుడు జేబులో చిన్న కార్డు ఉంచండి: ‘నాకు స్ట్రోక్ వచ్చింది. మీరు చెప్పేది అర్థమవుతుంది, మాట రావడానికి టైం పడుతుంది. దయచేసి ఆగండి.’ ఇంటి నిర్ణయాలు ఆయన్ని అడగకుండా తీసుకోకండి.

మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఏళ్ల తర్వాత కూడా కొత్త మాటలు వచ్చేవాళ్లున్నారు. అలాగని ‘త్వరలో మునుపటిలా అయిపోతావు’ అని మాటివ్వొద్దు.

బతకాలని లేదన్నట్టు సైగ చేసినా, మందులు తోసేసినా అదే రోజు డాక్టర్‌ని కలవండి. నిన్నటిదాకా వచ్చిన మాట హఠాత్తుగా తగ్గినా, మూతి వంకర పోయినా, చెయ్యి బలహీనపడినా మళ్లీ స్ట్రోక్ అయ్యుండొచ్చు. తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.