కర్ర కొనడం ఆపి, కోత మొదలుపెట్టు బిడ్డా

బిడ్డా,

మొన్న మా అక్క, మీ అమ్మ, ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్‌ల ఉద్యోగం మానేసి హనుమకొండలోనే గిటార్లు, తంబూరలు చేసే పని పెట్టుకుంటున్నావని చెప్పింది. చెబుతున్నంతసేపు ఆమె గొంతులో సంతోషమే. తర్వాత మెల్లగా అసలు మాట బయటపెట్టింది. పై గది నిండా కర్ర చేరిందట, మెట్ల కింద, మంచం కింద కూడా పలకలేనట, ఇంతవరకు ఒక్క వాయిద్యానికీ తీగ పడలేదట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు సంతోషం సంగతి చెబుతా. మన ఇళ్లల్లో ఆడపిల్లలకు ఉలి ఎవరూ ఇవ్వలేదు. మీ అమ్మ చేయి నా చేయి కన్నా కుదురు. చిన్నప్పుడు నేను గీసిన గీత వంకరపోతే ఆమే చెరిపి మళ్లీ గీసేది. అయినా మా నాయన రంద నా చేతిలో పెట్టాడు, ఆమె చేతికి చీపురు ఇచ్చాడు. ఇప్పుడు ఆమె బిడ్డ వాయిద్యాలు చేస్తానంటే నా ఛాతీ ఉప్పొంగదా? పని మంచిదా కాదా అని నన్ను అడగకు. మంచిదే. నా టెన్షన్ అంతా ఆ పై గది గురించి.

తెలిసిన మాటలు ఒక్క ముక్కలో చెప్పేస్తా. ఉలి పదును పెట్టకుండా పని మొదలుపెట్టకు. జిట్రేగి (రోజ్‌వుడ్) దుమ్ము చాలామంది చర్మానికి పడదు, ఊపిరితిత్తులకూ మంచిది కాదు, మాస్క్ లేకుండా దాని మీద గరుకు కాగితం పెట్టకు. జిగురు గట్టిపడేదాకా బిగింపు విప్పకు. ఇవన్నీ నీకు నేర్పినవాళ్లు చెప్పే ఉంటారు.

వాళ్లు చెప్పి ఉండని మాట ఒకటుంది. ఆ గది కింద మీ అమ్మ పడుకుంటుంది. ఒక సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు, టేకు పద్దెనిమిది, ఇరవై కిలోలు తూగుతుంది, జిట్రేగి ఇంకా ఎక్కువ. అది పాత ఇల్లు, దూలాల మీద వేసిన కప్పు. గోడవారగా పేర్చినదాన్ని ఈ వారంలోనే కిందికి దించు. కూలి నేనిస్తా. మిగతా సలహాలు పాటించినా పాటించకున్నా ఇది మాత్రం చెయ్యి.

రెండోది కాగితాలు. మన దగ్గర, గోదావరి ఒడ్డున ఏటూరునాగారం నుంచి మంచిర్యాల దాకా, టేకు గురించి ఎవరైనా రాత్రిపూట ఫోన్ చేసి సగం ధరకు ఇస్తానన్నాడంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పనక్కరలేదు. అటవీశాఖ డిపో వేలంలో కొన్నదైతే మొద్దు మీద సుత్తి ముద్ర ఉంటుంది, రశీదు ఉంటుంది. కర్ర అడ్తీలో కొన్నదైతే బిల్లు అడుగు. పట్టా భూమిలో చెట్టయినా సరే, కొట్టడానికి 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, టేకులాంటి కర్ర కదలాలంటే పర్మిట్ కావాలి. పాత గడి గానీ భవంతి ఇల్లు గానీ కూల్చినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు కొంటే ఆ ఇంటి యజమానితో ఒక కాగితం రాయించుకో. ఆ దూలాల్లో విరిగిన మేకులు లోపలే ఉంటాయి, సామిల్లు బ్లేడుకు తగిలితే బ్లేడు పోతుంది, మనిషికీ ప్రమాదమే, అయస్కాంతం పెట్టి చూసుకోకుండా కోతకు పంపకు. ఇక జిట్రేగి సైటిస్ జాబితాలో, అంటే అరుదైన చెట్ల, జంతువుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం జాబితాలో, ఉన్న చెట్టు. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తానికీ అంతర్జాతీయ నిబంధనలు వచ్చాయి. తయారైపోయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ పలకలకు ఇవ్వలేదు. రేపు నీ గిటార్ అమెరికాకు పోతే కర్ర ఎక్కడిదని అడుగుతారు. ఏ పలకకు ఏ బిల్లో రాసి పెట్టుకుంటే నువ్వు తలెత్తుకుని జవాబు చెబుతావు. కేసంటే ఏమిటో నేను ఈ బజారులో చూశాను. కర్ర పోతుంది, బండి పోతుంది, కోర్టు చుట్టూ తిరగడంలో ఏళ్లు పోతాయి.

ఇప్పుడు మీ బాపు మొద్దు గురించి చెబుతా. ఇది మీ అమ్మ నీకు ఎన్నడూ చెప్పలేదు, చెప్పదు కూడా.

నువ్వు పుట్టకముందు సంగతి. నేను, మీ బాపు కలిసి తంబూరలు, హార్మోనియంలు బాగుచేసేవాళ్లం, అడపాదడపా కొత్తవి చేసేవాళ్లం. ఒకసారి బావ నూజివీడు పోయి లారీలో ఒక పనస మొద్దు వేసుకొచ్చాడు. రెండడుగులకు పైనే అడ్డం, నిటారుగా, ఒక్క కణుపు లేకుండా ఉంది. పెంకులు మార్పిద్దామని అక్క చీటీ ఎత్తిన పైసలు దానికే పోయాయి. దీంతో ఏకాండి వీణ చేస్తానన్నాడు. గుల్లగా ఉండే కుండ, పొడుగాటి దండి, చివర సింహం మొహంలాంటి యాళి అన్నీ ఒకే కర్రలోంచి తీసే వీణ, బొబ్బిలివాళ్లు చేసేది. చెయ్యగలడు కూడా, అందులో నాకు అనుమానం లేదు.

కానీ చెయ్యలేదు. ఇంటికి ఎవరొచ్చినా పెరట్లోకి తీసుకుపోయి ఆ మొద్దు చూపించేవాడు. అరచేత్తో తట్టి వినమనేవాడు. చిన్న తంబూర కావాలని ఎవరైనా వస్తే, ఇది దానికి కాదని చెప్పి వేరే కర్ర కొనేవాడు. వీణకు ఇంకా చేయి కుదరాలంటాడు, మంచి ఉలి రావాలంటాడు, వానలు పోనీ అంటాడు, ఎండలు తగ్గనీ అంటాడు. మొద్దు మాత్రం బెరడుతోనే రేకుల కింద పడి ఉంది. చివరలకు మైనం గానీ రంగు గానీ పూయలేదు.

మొద్దు అట్లా ఆరితే ఏమవుతుందో నీకు తెలిసి ఉండాలి. బయటి పొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైగా కర్ర వలయాల వెంబడి కుంచించుకుపోయేది నడిమి నుంచి బయటికి కుంచించుకుపోయేదానికి దాదాపు రెట్టింపు. ఆ బిగువుకు మొద్దు నడిమి దాకా చీలుతుంది. వచ్చిన కొత్తలోనే నడిమిలోంచి రెండుగా కోసినా, పచ్చిగా ఉన్నప్పుడే కుండ భాగం మందంగా వదిలి గుల్ల చేసినా చాలావరకు నిలిచేది. ఈ సంగతి బావకు నాకన్నా బాగా తెలుసు.

చివరికి ఒక వేసవిలో నేనే బలవంతం చేసి సామిల్లుకు తీసుకుపోయాను. బ్లేడు దిగినప్పుడు పసుపు పొట్టు, తియ్యటి వాసన. బావ మొహం వెలిగిపోయింది. రెండు సగాలు విడిపోయాక చూస్తే నడిమి నుంచి బెరడు దాకా బొటనవేలు దూరేంత చీలిక, దండి ఎటు వేసుకున్నా దాన్ని తప్పించుకునే దారి లేదు. చేవ చుట్టూ ఉండే తెల్లకర్ర అంతా పుప్పి పట్టింది, గోటితో గీకితే పిండి రాలింది. బావ ఒక్క మాట మాట్లాడలేదు. సుద్దముక్క తీసుకుని ఎక్కడెక్కడ తీగలు బిగించే బిరడాలు వస్తాయో, ఎక్కడ తీగలు ఆనే గుర్రం వస్తుందో గీసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి తెచ్చాక ఆ పిండి అంతా అక్క ఊడ్చింది. చీటీ పైసల మాట ఎత్తలేదు. ఆ ఏడు వానాకాలం గిన్నెలు పెట్టుకునే గడిపారు.

మొద్దు పోవడం పెద్ద తప్పు కాదు బిడ్డా, ఈ పనిలో కర్ర పోతుంది. మరుసటి నెలే ఇంకో మొద్దు కొన్నాడు చూడు, అదే అసలు తప్పు.

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పోయిన మనిషి గురించి, అదీ ఆయన బిడ్డకు. కానీ అక్క ఫోన్లో చెప్పిన మాటలు విన్నాక ఆగలేకపోయాను. బావను దగ్గర నుంచి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, ఆయనకు ఆశపోతుతనం లేదు. కర్ర కొన్న రోజు సగం వాయిద్యం అయిపోయినంత తృప్తి వస్తుంది. కోయని కర్రలో ఏ తప్పూ జరగదు, దాంట్లో నువ్వు ఊహించుకున్న నాదం చెక్కుచెదరదు. రంపం పెట్టగానే అది మామూలు కర్ర అవుతుంది, మన చేతిలో ఉన్న పనితనమంతా, లేనిదంతా బయటపడుతుంది. ఆ భయానికి మందుగా ఆయన ఇంకో మొద్దు తెచ్చుకునేవాడు. నీకు ఆ భయం లేదంటే నాకు సంతోషం. ఉంటే మాత్రం దాని పేరు భయమే, కర్ర మీద ప్రేమని చెప్పుకోకు.

మంచి కర్ర లేకపోతే మంచి వాయిద్యం రాదన్న మాట కూడా కాస్త తూచి చూడు. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ 1862లో వెనక పలక, పక్కలు కాగితపు గుజ్జు అట్టతో చేసి గిటార్ కట్టాడు, నాదమంతా ముందు పలకలోనే ఉందని చూపించడానికి. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీవాళ్లు ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించి, వెనక కర్ర మాత్రం మార్చి, కళ్లకు కనిపించకుండా 52 మందితో వాయింపించారు. ఖరీదైన బ్రెజిల్ జిట్రేగికీ చవక కర్రకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వెనక పలకల కోసం నువ్వు జమచేసిన జిట్రేగి అందంగానే ఉంటుంది, నేను కాదనను. కానీ నీ పైసలు, నీ కష్టం ముందు పలక మీద పెట్టు. గిటార్ ముందు పలకకు వాడే స్ప్రూస్ కర్ర మన దగ్గర దొరకదు, తెప్పించుకోవాల్సిందే. తెప్పించేటప్పుడు చివర చూడు, వలయాలు పలకకు నిట్టనిలువుగా నిలబడి ఉండాలి, గీతలు చివరి దాకా పక్కకు పోకుండా సాగాలి.

ఉన్న కర్రను ఏం చేయాలంటే, ముందు తెల్లకర్ర ఉన్నచోటల్లా కోసి పారెయ్యి, పుప్పి మొదలయ్యేది అక్కడే. చివరలకు మైనం పూసి, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం పట్టీలు ఒకదాని కింద ఒకటి వచ్చేట్టు పెట్టి, నేలకు జానెడు ఎత్తున పేర్చు, చెదలు చూసుకో. అంగుళం మందానికి ఏడాది అని పెద్దలు చెప్పే లెక్క మంచిదే, కానీ దాన్నే నమ్ముకోకు. ప్రతి పలకనూ తూకం వేసి, బరువు, తేదీ పెన్సిల్‌తో దాని మీదే రాయి. నెలనెలా రాస్తూ పో. బరువు తగ్గడం ఆగినప్పుడు అది ఆరినట్టు. ఇది బావ దగ్గర నేర్చుకున్నదే. మీ ఇంట్లో పాత పలకలు తిరగేస్తే ఆయన అంకెలు ఇంకా కనిపిస్తాయి. తునికి చేవ చిన్న ముక్కలేవైనా ఉంటే దాచు, నల్లగా, గట్టిగా ఉంటుంది, బిరడాలకు, గుర్రానికి పనికొస్తుంది. మిగతావాటిలో ఈ ఏడాది వాడనివి అమ్మేయ్. బాధగా ఉంటుంది, అమ్మేయ్.

మన వాతావరణం మరిచిపోకు. వానాకాలంలో కర్ర తేమ పీల్చి వెడల్పవుతుంది. అప్పుడు ముందు పలక అతికించావంటే, ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు అది కుంచించుకోవాలని చూస్తుంది, చుట్టూ జిగురు పట్టి ఉంటుంది కాబట్టి మధ్యలో చీలుతుంది. బాగుచేయమని నా దగ్గరికి వచ్చిన పలకల్లో ఎక్కువ ఇట్లా చీలినవే. గదిలో తేమ కొలిచే మీటర్ ఒకటి పెట్టుకో, చవకే. అది 40 నుంచి 50 శాతం మధ్య చూపించే రోజుల్లోనే పలకలు అతికించు. శివరాత్రి పోయింది, చలి పోయింది, ఇదే అదను.

ఇంకో మాట. బావ చేసిన వాటిల్లో అన్నిటికన్నా బాగా పలికిన తంబూర ఏదో తెలుసా? శ్రీరామనవమికి కావాలని ఒక భజన మండలివాళ్లు పట్టుబట్టి చేయించుకున్నది. అప్పుడు ఆయన కర్ర ఎంచుకునే తీరిక లేక చేతికందిన పనస ముక్క తీసుకున్నాడు. రాత్రి పొద్దుపోయేదాకా మేమిద్దరం కూర్చుని చేశాం, అక్క పాలిష్ పట్టింది. దాన్ని ఇప్పటికీ వాయిస్తున్నారు. అందుకే నీకు తేదీ కావాలి. ఎవరి దగ్గరైనా ఒక ఆర్డర్ ఒప్పుకో, అడ్వాన్స్ తీసుకో. ఎవరూ లేకపోతే నేనిస్తా. నాకు ఒక తంబూర కావాలి. పలక మృగశిర కార్తె లోపు అతుక్కోవాలి, దసరాకు తీగలు పడాలి. మొదటిది వంకరగా వచ్చినా పైసలు మొత్తం ఇస్తా, నాదం బాగాలేకపోతే ఎక్కడ ఏం జరిగిందో ఇద్దరం విప్పి చూద్దాం.

ఆదివారం పొద్దున్నే వస్తా. తూకం యంత్రం, సుద్దముక్కలు నేను తెస్తా, కూలివాళ్లను ఇద్దరిని నువ్వు మాట్లాడి పెట్టు. పాలిష్ పని అక్కకు అప్పగించు, కూలి లెక్కగట్టి ఇవ్వు, వద్దంటుంది, అయినా ఇవ్వు. ఈ లోపు ఎక్కడో మంచి కర్ర ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే నా నంబర్ ఇచ్చెయ్యి, నేను మాట్లాడతా.

మీ మామ